ఊసవానిపేట వ్యాయామశాల: సిడ్నీ పతకానికి పుట్టిల్లు

2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో కరణం మల్లీశ్వరి మెడలో కాంస్య పతకం పడింది. ఆ రోజుకు పాతికేళ్లు నిండాయి. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె అని బడిపిల్లలు కూడా చెబుతారు. ఆ చేతులకు బరువు అలవాటు చేసిన ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట వ్యాయామశాల పేరు మాత్రం అంతగా వినిపించదు.

కండబలం మన ప్రాంతానికి కొత్త కాదు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడిది మన వీరఘట్టమే. అయితే తాలింఖానా అంటే మగపిల్లల చోటు. అక్కడికి ఆడపిల్లల్ని రానిచ్చి, ఇనుప కడ్డీ చేతికిచ్చిన గురువు నీలంశెట్టి అప్పన్న. నా దృష్టిలో పతకాలన్నిటికన్నా పెద్ద పని అదే. మహిళలకు తొలి ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు అమెరికాలో జరిగింది 1987లో. ఇంచుమించు అప్పుడే, పన్నెండేళ్ల వయసులో, మల్లీశ్వరి ఇక్కడ సాధన మొదలుపెట్టింది. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. పిల్ల బక్కపల్చగా ఉంది, పనికిరాదని మొదట అన్నారట. తల్లి శ్యామల ఊరుకోలేదు. నువ్వు చేయగలవని కూతురికి ధైర్యం నూరిపోసి పంపింది.

బార్ పట్టుకోవడం నేర్చుకుంటే చాలనుకుంటారు చూసేవాళ్లు. బొటనవేలిని కడ్డీకి ఆనించి, మిగతా వేళ్లను దాని మీదుగా బిగించాలి. మొదటి వారాల్లో ఆ వేలు నలిగి కందిపోతుంది. కడ్డీ మీది గరుకు గీతలకు అరచేతులు కాయలు కాస్తాయి, కాయలు చిట్లుతాయి. తెల్లటి సుద్దపొడి రాసుకుని మళ్లీ పట్టాలి. ఆ నొప్పికి ఓర్చుకునే వయసు పిల్లల వయసే.

ఈ ఆటలో ఇరవై ఏళ్లు నిండే సంవత్సరం వరకూ జూనియరే. 1975లో పుట్టిన మల్లీశ్వరి 1993లో మెల్‌బోర్న్‌లో ప్రపంచ కాంస్యం, 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో గ్వాంగ్జౌలో స్వర్ణాలు గెలిచింది. అంటే జూనియర్ వయసు దాటకముందే సీనియర్లను ఓడించి రెండుసార్లు ప్రపంచ విజేత అయింది. అర్జున, ఖేల్‌రత్న, పద్మశ్రీ కూడా సిడ్నీకి ముందే వచ్చాయి. జాతీయ శిబిరాలు, విదేశీ శిక్షకులు మెరుగుపెట్టిన మాట నిజమే. పునాది మాత్రం ఇక్కడిదే.

సిడ్నీలో మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు తొలిసారి ఒలింపిక్స్‌లో చోటు దక్కింది. 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది మన అమ్మాయి. స్వర్ణం గెలిచిన చైనా లిఫ్టర్‌ది, రజతం గెలిచిన హంగరీ లిఫ్టర్‌ది 242.5. ఆ రోజుల్లో బార్ మీద పెంచగలిగే కనీస బరువు రెండున్నర కిలోలు. తేడా కూడా అంతే! స్వర్ణం కోసమే చివరి ప్రయత్నంలో 137.5కి వెళ్లింది, నిలవలేదు. ఆ తెగువను నేను ఈనాటికీ మెచ్చుకుంటాను.

ఇంతటి చరిత్ర కాగితం మీదకు ఎక్కకుండా పోకూడదు. ఆ కాలంలో ఇక్కడ సాధన చేసినవారి ఇళ్లలో పాత ఫొటోలు, జూనియర్ పోటీల సర్టిఫికెట్లు, పేపర్ కత్తిరింపులు ఉండే ఉంటాయి. చెదలు పట్టకముందే వాటి నకళ్లు తీసి ఊరికి అందించండి. బరువులెత్తుతానని ఇంట్లో ఆడపిల్ల అడిగితే వద్దనకండి, వ్యాయామశాలకు తీసుకెళ్లండి.