స్క్విడ్ నరంలో టౌ కథ

వెన్నుపాములోని నాడీకణం నుంచి పాదం కండరం దాకా సాగే ఆక్సాన్ పొడవు దాదాపు మీటరు. కొసకు కావలసిన ప్రొటీన్లు చాలావరకు కణదేహంలోనే తయారవుతాయి. కాబట్టి సరుకు అక్కడిదాకా మోయక తప్పదు. ఆ మోతకు దారులు సూక్ష్మనాళికలు. అవి కూడుకోవడానికి తోడ్పడే ప్రొటీన్‌ను ప్రిన్స్‌టన్‌లో మార్క్ కిర్ష్‌నర్ బృందం వేరుచేసి, 1975లో ‘టౌ’ అని పేరు పెట్టింది. 2025తో ఆ పేరుకు 50 ఏళ్లు నిండాయి.

అంతకు ముందు కథలో ఊహలే ఎక్కువ. నరాల్లో ‘న్యూమా’ అనే ప్రాణశక్తి ప్రవహిస్తుందని రెండో శతాబ్దంలో గాలెన్ అన్నాడు. ఆ మాట పదిహేను వందల ఏళ్లు చెల్లింది. 1906లో అలోయిస్ అల్జైమర్ ఒక రోగి మెదడులో చిక్కుపడిన పోగులను చూపించాడు గానీ, అవి దేనితో తయారయ్యాయో తెలియలేదు. 1948లో పాల్ వైస్, హెలెన్ హిస్కో నరాన్ని నొక్కి ఉంచితే నొక్కుకు ఎగువన ఉబ్బింది. లోపల ఏదో కదులుతోందని రూఢి అయింది, మోసేదెవరో తేలలేదు.

తేల్చింది స్క్విడ్ అనే సముద్రజీవి. దాని ఆక్సాన్ కంటికి కనిపించేంత లావు. అందులోని జిగురు పదార్థాన్ని బయటికి తీసి గాజుపలక మీద పెట్టినా, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అందితే లోపలి రేణువుల పరుగు ఆగదని 1982లో బ్రేడీ, లాసెక్, అలెన్ చూపారు. స్టాన్‌ఫర్డ్ విద్యార్థి రాన్ వేల్, అక్కడికి వచ్చిన మైకేల్ షీట్జ్ ఆ పరుగు వెనుక కండరాలను కదిలించే ప్రొటీన్ మయోసిన్ ఉందేమోనని అనుమానించారు. పరీక్షించాలంటే స్క్విడ్ కావాలి. 1983లో సముద్రాన్ని వేడెక్కించిన ఎల్ నినో పుణ్యమా అని కాలిఫోర్నియా తీరంలో అవి కరువయ్యాయి. ఇద్దరూ దేశానికి ఆ చివరన ఉన్న వుడ్స్‌హోల్ సముద్రజీవ ప్రయోగశాలకు చేరి, అక్కడి పరిశోధకుడు థామస్ రీస్‌తో చేతులు కలిపారు. అనుమానం తప్పింది. రేణువులు నడుస్తున్నది మయోసిన్ నడిచే దారిలో కాదు, సూక్ష్మనాళికల మీద. 1985లో కినేసిన్ అనే మోటారు ప్రొటీన్ బయటపడింది. సముద్రం వేడెక్కకుంటే ఈ కథ ఏ మలుపు తిరిగేదో!

సరిగ్గా ఆ రోజుల్లోనే అల్జైమర్ చూపిన చిక్కుపోగుల్లో ఉన్నది టౌ అని తేలింది. ఫాస్ఫేట్లు అతిగా చేరితే టౌ నాళికను వదిలేసి పోగుపడుతుంది. 1998లో టౌ జన్యువులోని మార్పులు ఒక రకం మతిమరుపు వ్యాధికి కారణమని తేలడంతో, అది వట్టి సాక్షి కాదని రుజువైంది.

టౌ రవాణాను ఎలా దెబ్బతీస్తుందన్న ప్రశ్న దగ్గర దారి చీలిపోతుంది. 2008లో పరిశోధకురాలు హోల్జ్‌బార్ బృందం టౌ తగిలిన చోట కినేసిన్ నాళిక నుంచి ఊడిపోతోందనీ, ఎదురు దిశలో నడిచే మోటారు డైనీన్ వెనక్కి మళ్లుతోందనీ చూసింది. అదే ఏడాది మరో బృందం ఎలుకల్లో టౌను తీసేసినా, పెంచినా రవాణా వేగం మారలేదని చెప్పింది. మరుసటి ఏడాది మళ్లీ స్క్విడ్ పదార్థమే అక్కరకొచ్చింది. విడి టౌ అణువులు రవాణాకు అడ్డురాలేదు, పోగులైన టౌ మాత్రం కొసవైపు వెళ్లే సరుకును ఆపింది. దారికి అడ్డుపడి కాదు, కినేసిన్‌ను సరుకు నుంచి విడదీసే ఎంజైములను రేపి ఆపుతోందని పరిశోధకుల వివరణ.

టౌను పట్టుకునే కొన్ని యాంటీబాడీలు రోగుల మీద విఫలమయ్యాయి. ఇప్పుడు దాని తయారీనే తగ్గించే మందులు పరీక్షల్లో ఉన్నాయి. టౌ లేకుండానే బతికేసిన ఎలుకలే వాటికి కొంత భరోసా.