జాబితాలు జత కలిశాక: ప్రభుత్వ డేటా సరిపోలికలో పౌరుడికి దక్కాల్సిన గడువు

2014 నుంచి 2019 వరకు తెలంగాణలో 18 లక్షల 60 వేలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. రద్దుకు ముందు ఆ కుటుంబాలకు నోటీసు వెళ్ళలేదు. రేషన్ దుకాణానికి వెళ్ళాక డీలరు చెబితే గానీ సంగతి తెలియని ఇళ్ళున్నాయి. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన పిటిషన్‌పై 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులన్నిటిపైనా క్షేత్రస్థాయిలో విచారణ జరపాలని ఆదేశించింది. విచారణ పూర్తయిన దరఖాస్తుల్లో కనీసం 7.5 శాతం తప్పుగా తీసేసినవేనని 2024 జనవరిలో రిపోర్టర్స్ కలెక్టివ్ పాత్రికేయులు వెల్లడించారు. మళ్ళీ ఆఫీసు మెట్లెక్కి దరఖాస్తు పెట్టుకోగలిగినవాళ్ళ లెక్క మాత్రమే ఇది.

ఇటువంటి ఉదంతాలను మనం సంక్షేమ పథకాల అమలులో లోపాలుగా చర్చిస్తాం. గోప్యత అనగానే డేటా దొంగతనం, ఫోన్ నంబర్ల అమ్మకం గుర్తొస్తాయి. ఈ వ్యాసం వాదన వేరు. ప్రభుత్వ శాఖలు తమ రికార్డులు ఒకదానికొకటి ఇచ్చుకుని పోల్చినప్పుడు, సమాచారం బయటికి పొక్కకపోయినా గోప్యత దెబ్బతింటుంది. ఒక పనికని ఇచ్చిన వివరం, ఇచ్చినవారికి తెలియకుండా ఇంకో పనికి సాక్ష్యమవుతుంది. కాబట్టి చట్టం ఇవ్వాల్సిన రక్షణలన్నిటిలో ముఖ్యమైనది, జత కుదిరిన క్షణానికీ చర్య తీసుకునే క్షణానికీ మధ్య ఉండాల్సిన గడువు. ఆ గడువులో అధికారి సరిచూడాలి, పౌరుడు తన మాట చెప్పుకోవాలి.

తెలంగాణలో కార్డుల ఏరివేతకు వాడిన, 2016 నుంచి నడుస్తున్న ‘సమగ్ర వేదిక’ అనే డేటా పోలిక వ్యవస్థ దాదాపు 30 శాఖల డేటాబేసులను కలుపుతుంది. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తులు, విద్యుత్ కనెక్షన్లు, పింఛన్లు వంటివి ఇందులో ఉన్నాయి. దీనికి సాఫ్ట్‌వేర్ అందించింది పోసిడెక్స్ టెక్నాలజీస్ అనే ప్రైవేటు సంస్థ. ప్రతి రికార్డులోనూ ఆధార్ సంఖ్య ఉండదు గనుక పేరు, చిరునామా వంటి వివరాల పోలికను బట్టి, రెండు చోట్ల ఉన్నది ఒకే మనిషి అవునా కాదా అని ఈ వ్యవస్థ అంచనా వేస్తుంది. అది అంచనాయేనని మరచిపోకూడదు.

ఇక్కడ పేర్ల సంగతి కాస్త నిలిచి చూడాలి. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది. ఒక శాఖ దాన్ని పూర్తిగా రాస్తే, మరొకటి ఒక్క అక్షరానికి కుదిస్తుంది, ఇంకొకటి చివరికి జరుపుతుంది. లక్ష్మి అన్న పేరే ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళేసరికి రేషన్ కార్డులో ఒక తీరుగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో తీరుగా మారుతుంది. పెళ్ళయిన ఆడవాళ్ళలో కొందరి ఇంటిపేరు ఆధార్‌లో మారి, పట్టాదారు పాసుపుస్తకంలో పాతదే మిగిలిపోతుంది. తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్ళలో ఒకే పేరు, ఒకే చిరునామా ఇద్దరివి అవుతాయి. షేక్, మహమ్మద్, సయ్యద్ అన్న మాటలను ఒక గుమస్తా పూర్తిగా రాస్తాడు, మరొకడు రెండు మూడు అక్షరాల్లో ముగిస్తాడు. బస్తీల్లో ఇంటి నంబర్లకు బై నంబర్లు పుట్టుకొస్తూనే ఉంటాయి, అన్ని శాఖలూ వాటిని ఒకేలా నమోదు చేయవు.

ఇలాంటి డేటాపై పోలికను బిగిస్తే నిజంగా అనర్హులైనవాళ్ళు తప్పించుకుంటారు. వదులు చేస్తే ఎవరిదో కారు ఇంకెవరి పేరునో పడుతుంది. రిక్షా తొక్కి బతికిన మనిషిని కారు యజమానిగా లెక్కగట్టి, ఆ కుటుంబానికి రేషన్ ఆపిన ఉదంతం పత్రికలకెక్కింది. గీత ఎక్కడ గీయాలన్నది సాంకేతిక విషయంగా కనిపిస్తుంది గానీ, ఎవరి ఆకలిని పణంగా పెట్టవచ్చో తేల్చే విధాన నిర్ణయమది. శాసనసభ చర్చించి తేల్చాల్సిన ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్ అమరికల్లో జరిగిపోయింది.

ఈ సమస్యను మొదట చట్టంతో ఎదుర్కొన్న దేశాల్లో అమెరికా ఒకటి. 1977లో అక్కడి ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ కార్యదర్శి జోసెఫ్ కాలిఫానో ‘ప్రాజెక్ట్ మ్యాచ్’ మొదలుపెట్టారు. ఫెడరల్ ఉద్యోగుల జీతాల జాబితాను పేద కుటుంబాల సహాయ జాబితాతో కంప్యూటర్‌పై పోల్చారు. 1974 నాటి ప్రైవసీ చట్టం ఉన్నా అది అడ్డురాలేదు. రికార్డును సేకరించిన ప్రయోజనానికి అనుగుణమైన ‘మామూలు వినియోగం’ కోసం ఇతర శాఖలకు ఇవ్వవచ్చన్న మినహాయింపు అందులో ఉంది. ఆ సందులోంచి సరిపోలికలన్నీ దూరిపోయాయి.

సందు పూడ్చడానికి 1988 అక్టోబరులో కంప్యూటర్ సరిపోలిక, గోప్యతా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం రెండు సంస్థలు పోలిక మొదలుపెట్టే ముందు రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఎందుకు పోలుస్తున్నారు, ఏ చట్టం అధికారమిచ్చింది, ఎంత ఆదా అవుతుందని అంచనా, పని ముగిశాక రికార్డులను ఎప్పుడు నాశనం చేస్తారు అన్నవి అందులో ఉండాలి. ఒప్పందానికి 18 నెలల గడువు, ఆపైన ఒక ఏడాది పొడిగింపు. ప్రతి సంస్థలోనూ ‘డేటా సమగ్రతా మండలి’ దాన్ని ఆమోదించాలి. సరిపోలిక జరగబోతోందని ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రకటించాలి.

అసలు బలం ఆ తర్వాతి నిబంధనలో ఉంది. పోలికలో ఒకరి పేరు తేలినంత మాత్రాన సహాయం ఆపకూడదు, తగ్గించకూడదు. ఆ సమాచారాన్ని సంస్థ స్వతంత్రంగా సరిచూడాలి. ఏం తేలిందో ఆ వ్యక్తికి తెలిపి, కాదని చెప్పుకోవడానికి సాధారణంగా 30 రోజులివ్వాలి. ఆ పథకానికి సొంత గడువు చట్టంలో ఉంటే అదే వర్తిస్తుంది. జత కుదరడం అనుమానానికి ఆధారమే తప్ప తీర్పు కాదని చట్టం ఇలా తేల్చి చెప్పింది.

ఆ చట్టాన్ని ఆదర్శంగా మొక్కాల్సిన పనిలేదు. మండలి సభ్యులు అదే సంస్థలోని పెద్ద అధికారులు. తమ సంస్థ కోరిన పనిని తామే ఆమోదించాలి. చట్టం వల్ల నిర్ణయాల నాణ్యత, లాభనష్టాల విశ్లేషణ పెద్దగా మెరుగుపడలేదని 1993లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. కానీ నోటీసు, 30 రోజులు అన్నవి మండలి దయమీద ఆధారపడవు, పౌరుడికి నేరుగా దక్కుతాయి. అందుకే ఒప్పందాలు, మండళ్ళ కంటే ఆ నిబంధనకే విలువ ఎక్కువని నా అభిప్రాయం.

సరిచూడడం, గడువివ్వడం అన్న ఆ మెట్టును దాటేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపించింది. ‘రోబోడెట్’ అని పేరుపడ్డ పథకం పన్నుల శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచి, సహాయం పొందినవారు చెప్పిన పక్షాల ఆదాయంతో పోల్చింది. కొన్ని నెలలే పని దొరికినవాళ్ళు ఏడాది పొడవునా సంపాదించినట్టు తేలారు. బాకీ లేదని నిరూపించుకునే భారం వాళ్ళమీదే పడింది. 170 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు మించిన బాకీలు చట్టవిరుద్ధంగా మోపారు. 2023 జూలైలో రాయల్ కమిషన్ ఈ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

మన దేశంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ హక్కులో జోక్యానికి చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, జోక్యం ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి అంది. మొదటి పరీక్షలోనే సమగ్ర వేదిక తడబడుతుంది. శాఖల రికార్డులను ఇలా కలపడానికి శాసనసభ ప్రత్యేక చట్టమేదీ చేయలేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఈ లోటు తీరుస్తుందని ఆశించినవాళ్ళు సెక్షన్ 7, సెక్షన్ 11లను కలిపి చదవాలి. సబ్సిడీ, ప్రయోజనం, సేవ, ధ్రువపత్రం ఇవ్వడానికి, ప్రభుత్వం ప్రకటించిన డేటాబేసుల్లో అప్పటికే ఉన్న వివరాలను మళ్ళీ సమ్మతి అడక్కుండా వాడుకోవచ్చని సెక్షన్ 7 అంటుంది. తన డేటా సారాంశం చూసే హక్కును సెక్షన్ 11, సరిదిద్దించుకునే హక్కును సెక్షన్ 12 సమ్మతి ఇచ్చిన సందర్భాలకే ఇచ్చాయి. అంటే సమ్మతి అడగని చోట, చూసే హక్కూ దిద్దించే హక్కూ కూడా జారిపోతాయి. వాటి అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది సమ్మతి లేకుండా పోలికకు గురైన ఆ మనిషికే. వ్యక్తిపై ప్రభావం చూపే నిర్ణయానికి వాడే డేటా సంపూర్ణంగా, కచ్చితంగా ఉండాలని సెక్షన్ 8 సంస్థపై బాధ్యత పెట్టింది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు ప్రభుత్వ వినియోగానికి కొన్ని ప్రమాణాలు చేర్చాయి. ఇవి మంచివే. అయినా జతకూ చర్యకూ మధ్య నోటీసు, గడువు తప్పనిసరి అన్న మాట ఆ చట్టంలో లేదు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ సంక్షేమ పథకాల అర్హత తేల్చే ‘సిక్స్ స్టెప్ వాలిడేషన్’లో భూమి, నాలుగు చక్రాల వాహనం, నెలకు 300 యూనిట్ల కరెంటు, పట్టణ ఆస్తి, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను చూసేవారు. అర్హుల, అనర్హుల జాబితాలను గ్రామ, వార్డు సచివాలయాల్లో అతికించేవారు. ఏ కారణంతో పేరు పోయిందో తెలిసేది. ఇది సమగ్ర వేదిక మౌనం కంటే ఎంతో మెరుగు. కానీ ఇంటి యజమాని మీటరు అద్దెకున్నవాళ్ళ ఆధార్‌కు ముడిపడి ఉంటే, ఆ ముడి విప్పించుకోవడానికి విద్యుత్ ఆఫీసు చుట్టూ తిరగాల్సింది అద్దెకున్నవాళ్ళే. పైగా ఒక కుటుంబం అనర్హతకు కారణం ఊరంతా చదివేలా గోడకెక్కడం మరో రకం గోప్యతా నష్టం. కారణం చెప్పాల్సింది ఆ ఇంటివాళ్ళకు, రాతలో.

నోటీసు, గడువు ఇవ్వడానికి కేంద్ర చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. పౌరుడి హక్కులను దెబ్బతీసే పరిపాలనా నిర్ణయానికి ముందు అతని మాట వినాలని 1978 నాటి మేనకా గాంధీ తీర్పు నుంచి మన న్యాయస్థానాలు గట్టిగా చెబుతూనే ఉన్నాయి. పౌర సరఫరాల శాఖ ఒక ఉత్తర్వుతో దీన్ని అమలు చేయవచ్చు. జత కుదిరిన తర్వాత 30 రోజులు రేషన్ ఆగకూడదు. నోటీసు తెలుగులో, ఉర్దూ చదివేవారికి ఉర్దూలో అందాలి. ఏ శాఖ రికార్డు, ఏ తేదీది, వాహనమైతే దాని నంబరు ఏమిటి, ఏ పేరుతో జత కుదిరింది అన్నవి అందులో ఉండాలి. తహసీల్దార్ కార్యాలయం నుంచి ఒకరు ఇంటికి వెళ్ళి చూసి సంతకం చేయనిదే కార్డు తీసేయడానికి కంప్యూటర్ ఒప్పుకోకూడదు. తప్పని తేలిన ప్రతి జతనూ మూల శాఖకు తిప్పి పంపి రికార్డు దిద్దించాలి, లేకపోతే అదే కారు వచ్చే ఏడాది పింఛన్ల జాబితాలో మళ్ళీ తేలుతుంది.