అడగొద్దన్నా తెలిసిపోయిన సంగతి

1945లో అమెరికా సైన్యం తన తెల్ల సైనికుల్ని ఒక ప్రశ్న అడిగింది: మీ కంపెనీలో నల్లవాళ్ళ ప్లటూన్ ఒకటి చేరితే మీకెలా ఉంటుంది? నల్లవాళ్ళు లేని యూనిట్లలో 62 శాతం మంది అస్సలు ఇష్టం లేదన్నారు. అలాంటి ప్లటూన్‌తో కలిసి అప్పటికే యూరప్‌లో యుద్ధం చేసిన కంపెనీల్లో ఆ మాట అన్నవాళ్ళు 7 శాతమే. గే సైనికుల గురించి రాస్తూ ఇక్కణ్ణుంచి ఎందుకు మొదలుపెట్టానంటే, అరవై ఐదేళ్ళ తర్వాత అదే సైన్యం ఆ పాఠాన్ని మళ్ళీ అక్షరాభ్యాసం నుంచీ చదువుకుంది.

ఈసారి చిక్కు వేరే. ఒంటి రంగు దాచినా దాగదు, ఇది దాగుతుంది. 1993 నాటి ‘అడగొద్దు, చెప్పొద్దు’ చట్టం దాచి తీరమంది. బయటపడి ఉద్యోగాలు పోయినవాళ్ళు 13 వేలకు పైనే. గే అని తెలిస్తే యూనిట్‌లో ఐక్యత చెడుతుందని వాదన. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. పరిచయాలకు చట్టమే అడ్డం నిలబడి, పరిచయం లేనివాళ్ళ భయాన్నే తనకు సాక్ష్యంగా తెచ్చుకుంది.

అయినా బ్యారక్‌లో రహస్యాలు దాగుతాయా? 2010లో పెంటగాన్ 4 లక్షల మందికి సర్వే పంపితే లక్షా 15 వేల మంది జవాబిచ్చారు. గే లేదా లెస్బియన్ అని తాము అనుకున్నవాళ్ళతో కలిసి పనిచేశామని 69 శాతం మంది చెప్పారు. వాళ్ళున్న యూనిట్ కలిసికట్టుగా ఎలా పనిచేసిందని అడిగితే, 92 శాతం మంది చాలా బాగా, బాగా, లేదా ‘మంచీ కాదు చెడ్డా కాదు’ అన్నారు. (ఆ మూడోదాన్ని కూడా మంచి ఖాతాలో వెయ్యడం కాస్త ఉదారమే అనిపిస్తుంది నాకు.)

మెరైన్లలోనూ, నేరుగా పోరాడే విభాగాల్లోనూ చట్టం ఎత్తేస్తే చెడు జరుగుతుందని ఊహించినవాళ్ళు 40 నుంచి 60 శాతం. కానీ మెరైన్ పోరాట విభాగాల్లోనే గే సహచరుడితో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ళని విడిగా చూస్తే, ఇబ్బంది లేదన్నట్టు చెప్పినవాళ్ళు 84 శాతం! మొదటిది ఊహ, రెండోది జ్ఞాపకం.

మెరైన్ల అధిపతి జేమ్స్ ఏమోస్ రద్దుని బాహాటంగానే వ్యతిరేకించాడు. 2011 సెప్టెంబరు 20న రద్దు అమల్లోకి వచ్చింది. రెండు నెలలకే, చెప్పుకోదగ్గదేమీ జరగలేదని ఆయనే విలేకరికి చెప్పాడు. ఆ నవంబరులో మెరైన్ల వార్షికోత్సవ విందులో ఒక మహిళా మెరైన్ వచ్చి, తన భాగస్వామిని ఏమోస్ భార్యకు పరిచయం చేసింది. ఆవిడ శుభాకాంక్షలు చెప్పి, మిమ్మల్ని కలవడం సంతోషం అంది.