తప్పుడు కొలత చూపిన బుడగ

సన్నని గాజునాళంలో ద్రవం ఎంత వేగంగా పోతోందో తెలుసుకోవడానికి ఒకప్పుడు ప్రయోగశాలల్లో తేలిక పద్ధతి ఒకటి ఉండేది. నాళంలోకి గాలి బుడగను వదిలి, అది ఎంతసేపట్లో ఎంత దూరం జరిగిందో చూసేవారు. బుడగ ఎంత జరిగితే ద్రవమూ అంతే జరిగిందని లెక్క. 1935లో ఫెయిర్‌బ్రదర్, స్టబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ పద్ధతినే పరీక్షకు పెట్టారు. లెక్క కుదరలేదు. బుడగ ద్రవం సగటు వేగాన్ని మించి పోతోంది. ఎందుకంటే అది నాళాన్ని పూర్తిగా నింపదు. గోడకూ దానికీ మధ్య పలచని ద్రవపు పొర మిగిలిపోతుంది. ఆ పొర దాదాపు కదలదు. అది ఎంత మందంగా ఉంటే బుడగ అంత ముందుంటుంది.

సూక్ష్మనాళికల్లో బుడగల ప్రవాహాన్ని ఇవాళ కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసేవాళ్ల కష్టమంతా ఆ పొర దగ్గరే ఉంది. నన్నడిగితే, ఈ రంగం చరిత్ర చాలావరకు ఆ పొర మందం కోసం సాగిన వెతుకులాటే.

పెద్ద మలుపు 1961లో వచ్చింది. 'జర్నల్ ఆఫ్ ఫ్లూయిడ్ మెకానిక్స్' పదో సంపుటిలో జి.ఐ. టేలర్, ఎఫ్.పి. బ్రెథర్టన్ పత్రాలు పక్కపక్కనే అచ్చయ్యాయి. చిక్కటి ద్రవాలను వేగంగా తోస్తే నాళం అడ్డుకోతలో సగానికి పైగా ద్రవం గోడకే ఉండిపోతుందని టేలర్ చూపారు. నెమ్మదిగా కదిలే బుడగ సంగతి బ్రెథర్టన్ తేల్చారు. స్నిగ్ధతను వేగంతో గుణించి తలతన్యతతో భాగిస్తే కేపిలరీ సంఖ్య వస్తుంది. పొర మందం ఆ సంఖ్య 2/3 ఘాతాన్ని బట్టి పెరుగుతుందనీ, ఆ ఘాతాన్ని నాళం వ్యాసార్ధంతోనూ 1.34తోనూ గుణిస్తే మందం వస్తుందనీ ఆయన సూత్రం. ద్రవంలోంచి పైకి లాగిన పలక మీద నిలిచే పొరకు లాండౌ, లెవిచ్ 1942లోనే ఇదే ఘాతాన్ని రాబట్టారు.

అంకెలేసి చూద్దాం. 0.2 మిల్లీమీటర్ల వ్యాసమున్న నాళంలో, నీటిలో బుడగ సెకనుకు 7 సెంటీమీటర్లు పోతోందనుకుంటే కేపిలరీ సంఖ్య సుమారు 0.001. పొర మందం 1.3 మైక్రాన్లు. తల వెంట్రుక మందం దీనికి ఎన్నో రెట్లు. నిలువు నాళంలో బుడగ ఎప్పుడు పైకి లేవకుండా ఇరుక్కుపోతుందో కూడా బ్రెథర్టన్ లెక్కగట్టారు. నీటికైతే ఆ హద్దు సుమారు 5 మిల్లీమీటర్ల వ్యాసం. అంతకన్నా సన్ననైతే బుడగ ఉన్నచోటే ఉండిపోతుంది. ఆయన ప్రయోగాల్లో మరీ నెమ్మది వేగాల దగ్గర పొర సూత్రం చెప్పినదానికన్నా మందంగా వచ్చింది. ద్రవం ఉపరితలాన్ని పట్టుకున్న మలినాలే కారణమన్న వివరణ తర్వాత బలపడింది.

ఇదంతా నీటిలాంటి, స్నిగ్ధత మారని ద్రవాల మాట. రక్తం, గోడలకు వేసే పెయింట్లు, క్సాంథాన్ గమ్ కలిపిన నీరు అలాంటివి కావు. కదలిక పెరిగేకొద్దీ, అంటే ద్రవం లోపలి ఒరిపిడి పెరిగేకొద్దీ, పలచబడతాయి. ఇక స్నిగ్ధత ఒక్క అంకె కాదు, చోటును బట్టి మారే గుణం. బుడగ ముక్కు దాటి ద్రవం పొరలోకి జారే చోట ఒరిపిడి ఎక్కువ, అక్కడ అది పలచబడుతుంది. కాస్త వెనక్కి, పొర నిలకడగా ఉన్నచోట ఒరిపిడే లేదు, అక్కడ మళ్లీ చిక్కబడుతుంది. అందుకే నిశ్చలంగా ఉన్నప్పుడు అంతే చిక్కగా ఉండే మామూలు ద్రవంతో పోలిస్తే ఇక్కడ గోడకు మిగిలే పొర పలచన.

ఇలా మారే స్నిగ్ధతకు 1920లలో ఓస్ట్వాల్డ్, డి వేల్ ఇచ్చిన ఘాత సూత్రం ఇక్కడే తడబడుతుంది. ఒరిపిడి సున్నా అయితే అది స్నిగ్ధతను అనంతం అంటుంది, నిలకడ పొరలో ఉన్నది ఆ సున్నాయే. అందుకే సిమ్యులేషన్ చేసేవాళ్లు తరచుగా కారో 1972లో ప్రకటించిన నమూనా వైపు మొగ్గుతారు. అందులో స్నిగ్ధతకు పైన ఒక హద్దు, కింద ఒక హద్దు ఉంటాయి.

బుడగ అంచును కంప్యూటర్‌లో నిలిపే దారి 1981లో హర్ట్, నికోల్స్ చూపారు. ప్రవాహాన్ని చిన్నచిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ద్రవం ఎంత భాగమో లెక్కబెట్టుకుంటూ పోయే 'వాల్యూమ్ ఆఫ్ ఫ్లూయిడ్' పద్ధతి అది. తలతన్యతను ఆ గళ్లలో పనిచేసే ఒక బలంగా మలిచే ఉపాయం 1992లో బ్రాక్‌బిల్, కోథే, జెమాక్ ఇచ్చారు. 2004లో ప్రవాహాలను సిమ్యులేట్ చేసే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా అందరికీ అందాక ఈ పని ఎవరైనా మొదలుపెట్టగలిగేదైంది.

చేతికి అందినంత మాత్రాన తేలికైపోలేదు. ఏ ప్రవాహమూ లేకుండా బుడగను ఊరికే నిలబెట్టినా, అంచు వంపు లెక్కలో దొర్లే చిన్న తప్పుల వల్ల దాని చుట్టూ లేని సుడులు పుడతాయి. బుడగ నెమ్మదైతే ఆ దొంగ ప్రవాహమే అసలును మించిపోతుంది. పలచబడే ద్రవంలో మరో చిక్కు: ఆ దొంగ ఒరిపిడికి కూడా ద్రవం పలచబడి, స్నిగ్ధత సైతం తప్పవుతుంది. పైగా 1.3 మైక్రాన్ల పొరలో కనీసం నాలుగైదు గళ్లు పట్టాలి. గళ్లు పెద్దవైతే పొర తెగిపోయి, కంప్యూటర్‌లో బుడగ పొడి గోడను తాకేస్తుంది. అందుకే కొత్తగా ప్రోగ్రామ్ రాసినవాళ్లు ముందు మామూలు ద్రవంతో నడిపి, బ్రెథర్టన్ 2/3 గీత మీద అంకెలు పడుతున్నాయో లేదో చూసుకోవడం మంచిది.

గుండ్రని నాళానికైతే ఒక్క నిలువుకోత గీసుకుంటే చాలు. కానీ చిప్‌ల మీద చెక్కే నాళికలు ఎక్కువగా చతురస్రాలో దీర్ఘచతురస్రాలో. నాలుగు మూలల్లోంచీ ద్రవం బుడగను తప్పించుకుని పోతుంది. అక్కడ గుండ్రని నాళపు సూత్రం పనిచేయదు, మూడు కొలతల్లో లెక్క వేయాల్సిందే. పలచబడే ద్రవం మూలలో ఎంత, గోడ మధ్యలో ఎంత పలచబడుతుందన్నది ఆ పెద్ద లెక్కలోంచే తేలాలి.