గాలివాటు – గ్రిడ్ ఖర్చు: ఆంధ్రప్రదేశ్ పవన విద్యుత్ వివాదం (2015–2022)

1. ఉపోద్ఘాతం:

పవన విద్యుత్తుకు ఇంధన వ్యయం లేదు. అయితే గాలి వేగంలోని మార్పుల వల్ల కలిగే వ్యయం గాలిమరల పద్దులో గాక, గ్రిడ్‌లోని ఇతర కేంద్రాల పద్దుల్లో కనిపిస్తుంది. దానిని ఎవరు భరించాలన్న ప్రశ్న ఆంధ్రప్రదేశ్‌లో ఎలా పరిణమించిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. వ్యయ స్వరూపం:

గ్రిడ్‌లో ఉత్పత్తి, వినియోగం ప్రతిక్షణం సమానంగా ఉండాలి. అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల గాలిమరలు నైరుతి ఋతుపవనాల కాలంలో అధికంగా ఉత్పత్తి చేస్తాయి. గాలి పెరిగినప్పుడు బొగ్గు కేంద్రాలు ఉత్పత్తిని తగ్గించాలి. గాలి పడిపోతే మళ్ళీ పెంచాలి. తక్కువ లోడుతో నడిచే కేంద్రంలో యూనిట్‌కు పట్టే బొగ్గు పెరుగుతుంది. కేంద్రాన్ని ఆపి తిరిగి ప్రారంభిస్తే చమురు ఖర్చవుతుంది. ఈ రెండూ అనిశ్చితి వల్ల కొత్తగా పుట్టే ఖర్చులు. బొగ్గు కేంద్రాలకు చెల్లించే స్థిరఛార్జీ మాత్రం గాలి వీచినా వీచకున్నా ఒప్పందం ప్రకారం ఉండేదే.

3. నిబంధనల నుంచి న్యాయస్థానానికి:

2015 నాటి రాష్ట్ర పవన విద్యుత్ విధానం అయిదేళ్లలో 4,000 మెగావాట్లను లక్ష్యంగా పెట్టుకుంది. 2016లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి కేంద్ర, అంతర్రాష్ట్ర థర్మల్ కేంద్రాల కనిష్ఠ ఉత్పత్తి స్థాయిని 55 శాతంగా నిర్ణయించి, తక్కువ లోడు వల్ల కలిగే నష్టానికి పరిహారం కల్పించింది. 2017లో రాష్ట్ర నియంత్రణ మండలి పవన, సౌర ఉత్పత్తిదారులు రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి ముందస్తు అంచనా ఇవ్వాలనీ, తేడా 15 శాతం మించితే రుసుము చెల్లించాలనీ నిబంధన తెచ్చింది. ఆ విధంగా అనిశ్చితికి ఒక కొలమానం ఏర్పడింది.

2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పంద ధరల తగ్గింపుకై ఉన్నతస్థాయి సంప్రదింపుల సంఘాన్ని నియమించింది. అధిక ధరతోపాటు, గాలి కోసం బొగ్గు కేంద్రాలను తగ్గించి స్థిరఛార్జీలు చెల్లించవలసి వస్తోందన్నది డిస్కంల వాదన. సెప్టెంబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం పవన విద్యుత్తుకు యూనిట్‌కు 2.43 రూపాయల తాత్కాలిక చెల్లింపును అనుమతించింది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి, ఒప్పంద ధరలే చెల్లించాలని ఆదేశించింది.

4. ముగింపు:

డిస్కంల భారం నిజమే. కానీ ఒప్పంద ధర, మిగులు బొగ్గు ఒప్పందాల స్థిరఛార్జీ, గాలి అనిశ్చితి ఖర్చు అనే మూడు వేర్వేరు పద్దులు ఈ వివాదంలో ఒక్కటిగా కలిసిపోయాయి. ధర తగ్గించినంత మాత్రాన గాలి నిలకడగా వీచదు. అనిశ్చితి వ్యయాన్ని తగ్గించగలిగేవి మెరుగైన అంచనా, సరళంగా నడిచే కేంద్రాలు, నిల్వ సామర్థ్యం. పద్దులు విడదీసి చూడనంతకాలం ఆ భారం చివరకు వినియోగదారుని బిల్లుకే చేరుతుంది.