ఊసరవెల్లి పంజరంలోకి రాత్రి దీపం ఎలా వచ్చింది?

అమెరికాలోనో ఐరోపాలోనో పెంపుడు సరీసృపాల సామాన్లు అమ్మే దుకాణంలో ఒక అర నిండా రాత్రి బల్బులు ఉంటాయి. ఎర్రవి, నీలివి, నల్లగాజువి. రాత్రంతా వెలిగినా జంతువు నిద్ర చెడదన్న భరోసాతో వాటిని అమ్ముతారు. కొత్తగా ఊసరవెల్లిని కొన్నవాళ్లు పగటి దీపంతో పాటు ఇదీ ఒకటి తెచ్చుకుంటారు. అడవిలో ఏ ఊసరవెల్లీ ఎరగని ఈ దీపం పంజరం పైకి ఎలా ఎక్కిందో తెలియాలంటే బల్బు కంటే ముందు కాలం నుంచి మొదలుపెట్టాలి.

ఊసరవెల్లిని ఇంట్లో పెంచడం నిన్నమొన్నటి సరదా కాదు. 1672లో ఫ్రెంచి రచయిత్రి మదలెన్ ద స్కుదెరీకి ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి రెండు ఊసరవెల్లులు అందాయి. వాటి కథను ఆమె 1688లో ప్రచురించింది. ఆ ఊసరవెల్లులు రావడానికి కొద్ది ముందే, 1669లో, ఫ్రెంచి వైద్యుడు క్లోద్ పెరో ఊసరవెల్లి శరీర నిర్మాణాన్ని వివరిస్తూ పుస్తకం వేశాడు. ఆ రోజుల్లో పారిస్ ఇంట్లో ఒక ఉష్ణదేశపు ప్రాణికి వెచ్చదనం కావాలంటే ఎండ, లేదంటే పొయ్యి సెగ. సాయంత్రం దీపాలు ఆర్పేశాక ఇంట్లోవాళ్లతో పాటు దానికీ చీకటే.

ప్రజలు చూడటానికి కట్టిన తొలి సరీసృప గృహం లండన్ జూలో 1849లో తెరిచారు. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే జూలో 1927లో కట్టిన కొత్త భవనం. దాని రూపకర్త జోన్ ప్రాక్టర్, అక్కడి సరీసృపాల విభాగానికి అధికారిణి. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా ఈ ప్రాణుల కోసమే బతికిన మనిషి, నలభై నిండకుండానే పోయింది. గూళ్లలో ఎక్కడ వేడి కావాలో అక్కడ మాత్రమే తగిలేలా ఆమె విద్యుత్తును వాడింది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను ఆపని ప్రత్యేకమైన గాజు పెట్టించింది. ఈ ప్రాణులకు వేడి ఒక అవసరం, వెలుగు ఇంకో అవసరం అని అంత స్పష్టంగా గ్రహించి కట్టిన ఇల్లు అంతకు ముందు లేదు.

ఆ వివేకం ఇళ్లలోకి రావడానికి చాలా కాలం పట్టింది. అడ్డం వచ్చింది మామూలు ఫిలమెంట్ బల్బే. అది తాగే కరెంటులో పదింట తొమ్మిది వంతులకు పైగా వేడిగానే పోతుంది. గది దీపానికి అది దండగ. చలిదేశంలో బల్లిని పెంచేవాడికి మాత్రం అదే వరం, చవగ్గా దొరికే చిన్న సూర్యుడు. అయితే ఆ సూర్యుడు అస్తమిస్తే వేడి కూడా పోతుంది. రాత్రి చలి వేస్తుందని బల్బు ఉంచితే వెలుగు పోదు. ఈ చిక్కు లోంచే రాత్రి బల్బు పుట్టింది. వెలుగు ఎటూ తప్పదు కాబట్టి, ప్రాణి కంటికి ఆనని రంగు వెలుగు ఇద్దామనుకున్నారు.

ఎర్రబల్బు అప్పటికే ఉంది. కోళ్లఫారం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కోడిపిల్లల బ్రూడర్లలో వెచ్చదనానికి ఎర్రటి ఇన్‌ఫ్రారెడ్ బల్బులు వేలాడదీస్తారు. ఆ వెలుగులో పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకోవడం కూడా తగ్గుతుంది. జంతుప్రదర్శనశాలలు ఎర్రకాంతిని ఇంకో పనికి వాడాయి. న్యూయార్క్ బ్రాంక్స్ జూలో 1969లో నిశాచర జీవుల కోసం ‘చీకటి ప్రపంచం’ తెరిచారు. రాత్రిని పగలుగా, పగటిని రాత్రిగా తిప్పి, మసక వెలుగులో వాటిని జనానికి చూపించారు. ఇలాంటి చోట్ల ఎర్రకాంతి ఎందుకు పనికొస్తుందంటే, చాలా నిశాచర క్షీరదాల కంట్లో ఎక్కువ పని దండకణాలదే. వాటికి ఎరుపు దాదాపు ఆనదు. మనకు ఎర్రగా కనబడే గది వాటికి చీకటి గది. గబ్బిలం విషయంలో ఇది సరైన ఆలోచనే.

ఊసరవెల్లి నిశాచరి కాదు. వేటంతా పగటిపూట, చూపుతోనే. దాని కన్ను శంకుకణాల మీద, అంటే రంగులు పసిగట్టే కణాల మీద నడిచే కన్ను. 2005లో బౌమేకర్, లో, ఆట్ అనే ముగ్గురు పరిశోధకులు ఊసరవెల్లుల రెటీనాను కణం కణంగా కొలిచి చూశారు. మనకు శంకుకణాలు మూడు రకాలైతే వాటికి నాలుగు. మనకు కనబడని అతినీలలోహితం నుంచి ఎరుపు దాకా అన్నీ వాటికి అందుతాయి. మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లి మగది ఒంటి మీద ఎరుపు మెరిపించి సాటి మగవాటిని బెదిరిస్తుంది. ఎరుపు కనబడని జాతి అయితే ఆ ప్రదర్శన ఎవరి కోసం? ఎర్రబల్బు వెలిగిన పంజరంలో ఊసరవెల్లికి రాత్రి అవ్వదు, సగం పగలు అవుతుంది.

నీలిబల్బు కథ వేరు. దాన్ని వెన్నెల పేరుతో అమ్ముతారు. నిజానికి వెన్నెల నీలంగా ఉండదు. చంద్రుడి నేల మీద పడి తిరిగొచ్చిన ఎండే అది, అసలు ఎండ కంటే కాస్త ఎరుపు వైపే ఉంటుంది. మసక వెలుగులో మన కంటి దండకణాలు నీలం–ఆకుపచ్చ వైపు ఎక్కువ స్పందిస్తాయి కాబట్టి మనకు అది నీలంగా తోస్తుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే రెండు శతాబ్దాల కిందటే గమనించిన సంగతి ఇది. పైగా నిండు పున్నమి వెలుగు 0.3 లక్స్‌కు మించదు. జానెడు దూరంలో వెలిగే బల్బుకూ దానికీ పోలికే లేదు. మనిషి కంటి భ్రమను గాజుకు పూసి, దాన్ని ఊసరవెల్లి నెత్తిన పెట్టాం.

దీపం వేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పొద్దంతా పనిలో ఉండి రాత్రి ఇంటికొచ్చినవాడికి తన ఊసరవెల్లిని చూసుకోవాలని ఉంటుంది. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ నిద్రలో ఉన్న ఊసరవెల్లికి కావలసింది మన చూపు కాదు.

దాని నిద్ర చాలా అందమైనది. చీకటి పడేవేళకు సన్నటి కొమ్మ చివరికి చేరి, తోక చుట్టుకుని, కళ్లు మూస్తుంది. కొమ్మ వెంట పాము వస్తే కదలిక తెలిసి కిందికి రాలిపోవడానికి వీలుగా ఆ చివర ఎంచుకుంటుందని పరిశీలకుల అభిప్రాయం. రంగులన్నీ వెలిసి ఒళ్లు పాలిపోతుంది. అందుకే మడగాస్కర్ అడవుల్లో ఊసరవెల్లులను లెక్కపెట్టేవాళ్లు రాత్రిళ్లు టార్చి పట్టుకుని తిరుగుతారు, ఆకుల మధ్య అవి తెల్లగా తేలిపోతాయి. 1966లో టౌబర్, రాఫ్‌వర్గ్, వైట్జ్‌మన్ అనే పరిశోధకులు రెండు జాతుల ఊసరవెల్లుల నిద్రలో మెదడు తరంగాలనూ కంటి కదలికలనూ నమోదు చేసి ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. మనుషుల్లో కలల నిద్రను గుర్తించి అప్పటికి పదమూడేళ్లే. అరంగుళం మెదడు లేని ప్రాణి నిద్రకు కూడా లోతు ఉండొచ్చని చెప్పిన తొలి పనుల్లో అదొకటి. 2016లో జర్మనీలో ఆస్ట్రేలియా బల్లులైన గడ్డపు డ్రాగన్ల మీద చేసిన పరిశోధనలో రెండు దశల నిద్ర స్పష్టంగా కనబడింది.

కళ్లు మూసుకుంటే వెలుగు బాధ ఉండదు కదా అనుకోవద్దు. 1970లో అండర్‌వుడ్, మెనకర్ అనే పరిశోధకులు ఒక జాతి బల్లుల కళ్లు తీసేసి చూస్తే, అవి అప్పటికీ వెలుగు–చీకట్లను బట్టి తమ దినచర్య సర్దుకున్నాయి. బల్లుల పుర్రెలోకి చొచ్చే వెలుగును మెదడు లోపలి కణాలు నేరుగా పసిగడతాయి. కనురెప్ప వాటికి తలుపు కాదు.

ఇక వేడి మాట. యెమెన్ ఊసరవెల్లి కొండల ప్రాణి. మూడు కొమ్ముల జాక్సన్ ఊసరవెల్లి కెన్యా పర్వత ప్రాంతానిది. ఆ ఎత్తుల్లో రాత్రి పది డిగ్రీలకు కూడా దిగుతుంది. చల్లటి రాత్రి వాటికి శిక్ష కాదు, విశ్రాంతి. ఎదిగిన ఊసరవెల్లికి 18 డిగ్రీల గది హాయిగా సరిపోతుంది. మామూలు ఇళ్లలో రాత్రి వేడి అవసరమే రాదు. మరీ చలి ఇళ్లలో వెలుగు లేని సిరామిక్ హీటరుంది, థర్మోస్టాట్‌తో కలిపి వాడితే పంజరం చీకటిగానే వెచ్చబడుతుంది. 2009 నుంచి ఐరోపా పాత ఫిలమెంట్ బల్బులను ఇళ్ల నుంచి పంపించేయడం మొదలుపెట్టింది. ఎల్ఈడీ వచ్చి వేడినీ వెలుగునూ చాలావరకు విడదీసింది. ప్రాక్టర్ 1927లో చేసిన విభజన ఇప్పుడు ఏ ఇంట్లోనైనా సాధ్యమే. రాత్రి బల్బు పుట్టడానికి కారణమైన చిక్కు తీరిపోయింది, బల్బు మాత్రం అరలో మిగిలింది.

మన రాయలసీమ, తెలంగాణ చిట్టడవుల్లో తిరిగే ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దాన్ని పట్టి పంజరంలో పెట్టడం నేరం. విదేశీ జాతులను ఉంచుకున్నవాళ్లు 2024 నిబంధనల కింద నమోదు చేయించుకోవాలి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలు ముచ్చటపడి ఊసరవెల్లిని పెంచుతుంటే పెద్దలకు నా మనవి ఒక్కటే. పగటి దీపాలకు టైమరు పెట్టండి, పన్నెండు గంటలు చాలు. కిటికీలో పొద్దు వాలుతూ ఉండగానే అవి ఆరిపోయేలా చూడండి, తన కొమ్మ వెతుక్కోవడానికి దానికి వ్యవధి ఉంటుంది. టీవీ వెలుగు పడని గదిలో పంజరం ఉంచండి. ఎర్రదైనా నీలిదైనా ఆ రాత్రి బల్బును ఈ రోజే తీసేయండి.