తూర్పు డెల్టా నీళ్లు: సర్కారు నివేదికల నుంచి డాక్టరేటు పరిశోధనల దాకా

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో రామచంద్రపురం కోనసీమ జిల్లాలో చేరింది. నీటి లెక్కన చూస్తే మాత్రం అది గోదావరి తూర్పు డెల్టా. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న అసలు కోనసీమ మధ్య డెల్టా కిందికి వస్తుంది. రామచంద్రపురం గౌతమికి ఎడమ ఒడ్డున ఉంది. ధవళేశ్వరం దగ్గర ఎడమ వైపున బయలుదేరే ప్రధాన కాలువ కడియం దగ్గర చీలి బ్యాంకు కాలువ, మండపేట కాలువ, కోరంగి కాలువ, సామర్లకోట కాలువలుగా సాగుతుంది. ఈ నీరు ఎవరికి, ఎంత ధరకు, ఏ వంతున అందాలన్న ప్రశ్నను తొలుత సర్కారు అధికారులు వేశారు, వాళ్ల తర్వాత విశ్వవిద్యాలయ పరిశోధకులు అందుకున్నారు.

తొలి విచారణ కరువులోంచి పుట్టింది. 1832-33 నాటి నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, ఇంజరం వంటి చోట్ల ఈస్టిండియా కంపెనీ బట్టల కొనుగోళ్లు ఆగిపోవడం, ఇవన్నీ కలిసి అప్పటి రాజమండ్రి జిల్లాను కుంగదీశాయి. 1821లో ఏడు లక్షలు దాటిన జిల్లా జనాభా ఇరవై ఏళ్లలో ఆరు లక్షల లోపుకు పడిపోయింది. శిస్తు వసూలు కూడా దానితో పాటే దిగింది. కారణాలు తేల్చమని పంపిన హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదిక ఇచ్చాడు. జమీందారీ పాలనలోని లోపాలు, పూడిపోయిన కాలువలు, పట్టించుకోని నీటిపారుదల అందులో కనిపిస్తాయి. జిల్లా దుస్థితిని అంకెలతో, కారణాలతో విడమరచిన ఈ నివేదికను ఇక్కడి విధాన పరిశోధనకు తొలి పుటగా చెప్పవచ్చు. అయితే దాని వెనుక ఉన్న ఆదుర్దా ఖజానా గురించి. రైతు క్షేమం అందులో ఒక భాగం మాత్రమే.

అదే ఏడాది నుంచి ఇంజనీరు ఆర్థర్ కాటన్ తన అంచనాలు పంపడం మొదలుపెట్టాడు. కావేరి నీటితో తంజావూరు ఎంత శిస్తు ఇస్తోందో చూపి, అంతకన్నా పెద్ద నది ఉన్న రాజమండ్రి ఎందుకు ఇవ్వలేకపోతోందని అడిగాడు. మద్రాసు ప్రభుత్వాన్ని కదిలించింది ఆ పోలికే. 1847లో మొదలైన ఆనకట్ట పని 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టిన ఈ ఆనకట్ట దగ్గర కూలీలను సమకూర్చి పని నడిపించడంలో వీణెం వీరన్న పాత్ర పెద్దది. నీరు వచ్చాక దాని ధర ప్రశ్న వచ్చింది. 1865 నాటి మద్రాసు చట్టం సర్కారు కాలువ నీటిపై పన్ను వసూలుకు ఆధారమైంది. జమీందారీ భూములకు ఆ పన్ను వర్తిస్తుందా లేదా అన్న వివాదం దశాబ్దాల పాటు కోర్టుల్లో నలిగింది.

ఆ శిస్తు కాగితాలనే, సెటిల్మెంటు రికార్డులనే వందేళ్ల తర్వాత పరిశోధకులు వేరే కళ్లతో చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రావు 1973లో సమర్పించిన సిద్ధాంత వ్యాసం 1840-1890 మధ్య కృష్ణా, గోదావరి జిల్లాల వ్యవసాయాన్ని పరిశీలించింది. ఖజానాకు ఎంత చేరిందన్నది పాత లెక్క. నీరు వచ్చాక పల్లె ఆర్థిక జీవితం ఎలా మారిందన్నది ఆయన ప్రశ్న. ఉస్మానియాలో చరిత్ర బోధించిన ఎ. సత్యనారాయణ 1900-1940 కాలాన్ని తీసుకుని కౌలు, అప్పు, ధనిక రైతుల ఎదుగుదలను విశ్లేషించాడు. ఆ పుస్తకం 1990లో వచ్చింది. కేరల్ ఉపాధ్య 1980లలో చేసిన పరిశోధన డెల్టా వరిచేలలో మిగిలిన డబ్బు విశాఖపట్నంలో వ్యాపార పెట్టుబడిగా మారిన తీరును చూపింది. ఈ పనులను పక్కపక్కన పెట్టి చదివితే కాలువ నీరు ఒక్క పంటనే కాదు, ఒక వర్గాన్నీ పెంచిందని అర్థమవుతుంది.

నీటి పంపకంపై ప్రపంచ ప్రసిద్ధి పొందిన పని రాయలసీమలో జరిగింది. రాబర్ట్ వేడ్ కర్నూలు ప్రాంతపు కాలువ గ్రామాలను పరిశీలించి 1988లో పుస్తకం ప్రచురించాడు. నీరు సరిగా అందని శివారు గ్రామాలే ఊరంతా కలిసి నీరుగంట్లను పెట్టుకుని పొలాలకు నీరు పంచుకుంటున్నాయనీ, ఎగువ గ్రామాలకు ఆ అవసరం అంతగా పడలేదనీ ఆయన గమనించాడు. ఈ ఉదాహరణను ఉమ్మడి వనరులపై తన సిద్ధాంతానికి ఆధారాల్లో ఒకటిగా వాడుకున్న ఎలినార్ ఆస్ట్రామ్ 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ. 1965లో కాలిఫోర్నియాలో ఆమె సమర్పించిన డాక్టరేటు పరిశోధన కూడా నీటి మీదే. సముద్రపు ఉప్పునీరు చొరబడుతున్న భూగర్భ జలాన్ని అక్కడి వాడకందార్లు ఎలా కాపాడుకున్నారన్నది దాని విషయం.

వేడ్ చెప్పిన తర్కం తూర్పు డెల్టాలోనూ కనిపిస్తుంది. సార్వాలో (ఖరీఫ్) నది నిండుగా ఉన్నప్పుడు తూము దగ్గర తగువు ఉండదు, అప్పటి బాధ మురుగు కాలువలు లాగక చేలు మునగడం. దాళ్వాలో (రబీ) సీలేరు నుంచి వదిలే నీటి మీద ఆధారపడాల్సి వచ్చినప్పుడు వంతులు పెడతారు. లస్కరు ఏ రోజు ఏ షట్టరు ఎత్తుతాడన్నదే శివారు రైతు నాట్లు నిలుస్తాయో ఎండుతాయో తేలుస్తుంది.

కాలువ నీటిని రైతులే కలిసి నిర్వహించుకోవాలన్న ఆలోచన చట్టంగా మారిన ఘట్టం 1997. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం తెచ్చి, పది వేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిపింది. కాలువ మరమ్మతుల్లో రైతుకు ఓటు హక్కు దొరకడం దేశంలో పెద్ద మార్పు. కానీ ఓటు రికార్డుల్లో పేరున్నవారికే. డెల్టాలో చాలా చేలు నోటిమాట కౌలు మీద సాగుతాయి కనుక, నీరు కట్టే చేతికి ఆ ఓటు లేకుండాపోయింది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించింది. కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టమూ అదే ఏడాది వచ్చింది. దాని స్థానంలో 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం తప్పనిసరి. ఆ సంతకానికి ఒప్పుకోని యజమానులు ఉన్నంత వరకు, ఆ చేలు సాగుచేసేవారు అటు బ్యాంకు లెక్కలోకీ ఇటు నీటి సంఘం జాబితాలోకీ ఎక్కడం కష్టమే.